“ఎక్కడ బాధగా ఉంది?”

(నొప్పికి వైద్యం చేసే ఒక డాక్టరు సామాన్య శ్రోతల కోసం చేసిన ప్రసంగానికి రాత రూపం. చివర్లో శ్రోతలు అడిగిన రెండు ప్రశ్నలు, వాటికి ఇచ్చిన జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఒకటే. “ఎక్కడ బాధగా ఉంది?” కొందరు నడుము చూపిస్తారు, కొందరు మెడ మీద చెయ్యి వేస్తారు. ఇదే మాట ఏడుస్తున్న మనిషినీ అడుగుతాం, “ఎందుకంత బాధ?” అని. కాలు విరిగినా బాధే, కావలసినవాళ్ళు పోయినా బాధే. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. నొప్పి అన్న మాట చూడండి. ఒంటికి దెబ్బ తగిలితే నొప్పి, ఎవరైనా ఒక మాట అంటే మనసు నొచ్చుకుంటుంది. భయమేస్తే గుండె జారిపోయిందంటాం. దుఃఖం వస్తే గొంతు పూడుకుపోయిందంటాం. పిల్లల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతోందంటాం. ఇవన్నీ మాట వరసకి అనే మాటలని నేను చాలాకాలం అనుకున్నాను. వీటిలో చాలావరకు ఒంట్లో నిజంగా జరిగే సంగతులే అని నెమ్మదిగా తెలిసింది. ఆ నెమ్మదిగా తెలియడం వల్ల నా పేషెంట్లకి జరిగిన నష్టం ఉంది. అక్కడినుంచే మొదలుపెడతాను.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి ఏళ్ళలో ఒకావిడ వచ్చారు. నలభై దాటిన వయసు. మూడేళ్ళుగా మెడ, భుజాలు నొప్పి. “ఎవరో వెనకనుంచి రెండు చేతులతో నొక్కి పట్టుకున్నట్టు ఉంటుందండీ, నిద్రలో కూడా వదలరు” అన్నారు. సంచీ నిండా రిపోర్టులు. ఎక్స్-రేలు, ఎమ్మారై, రక్త పరీక్షలు. అన్నీ ఓపిగ్గా చూశాను. అన్నీ నార్మల్. మంచి వార్త చెబుతున్నాననుకుని నవ్వుతూ, “మీకేం లేదమ్మా, అంతా టెన్షనే” అన్నాను. ఆవిడ నవ్వలేదు. కాగితాలు ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టుకుంటూ, “అయితే నాకు నొప్పి లేదంటారా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఇవాళ ఆవిడ నా ఎదురుగా కూర్చుంటే ఏం చెబుతానో, అదే మీకు చెప్పాలని వచ్చాను.

ముందు నొప్పి అంటే ఏమిటో చూద్దాం. చర్మంలో, కండరాల్లో, కీళ్ళలో సన్నటి నరాల కొసలు ఉంటాయి. బాగా వేడి తగిలినా, గట్టిగా ఒత్తుకున్నా, దెబ్బతిన్న చోట రసాయనాలు ఊరినా అవి కబురు పంపుతాయి. ఆ కబురు వెన్నుపాము దాకా వెళ్ళి, అక్కడినుంచి మెదడుకి చేరుతుంది. ఇంతవరకు మనమంతా బడిలో చదువుకున్నదే. అయితే ఆ నరాలు మోసుకెళ్ళేది “ఇక్కడ ఏదో ప్రమాదం ఉండొచ్చు” అన్న కబురు మాత్రమే. అది నొప్పి అవుతుందా లేదా, అయితే ఎంత అవుతుంది అన్నది మెదడు తేలుస్తుంది. అలా తేల్చేటప్పుడు ఆ ఒక్క కబురే కాదు, మనం ఎక్కడ ఉన్నాం, ఏం జరుగుతుందని భయపడుతున్నాం, నిన్న ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

నమ్మడం కష్టంగా ఉంటే రెండు సంఘటనలు చెబుతాను.

1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న రిపోర్టు వచ్చింది. 29 ఏళ్ళ భవన నిర్మాణ కార్మికుడు పైనుంచి కిందికి దూకాడు. అక్కడ 15 సెంటీమీటర్ల మేకు ఉంది. అది బూటు అడుగునుంచి పైకి పొడుచుకు వచ్చింది. ఆసుపత్రికి తెచ్చేసరికి మేకు కాస్త కదిలినా విలవిల్లాడుతున్నాడు. గట్టి నొప్పి మందు, మత్తు ఇచ్చి మేకు లాగారు. బూటు విప్పి చూస్తే పాదానికి గీత కూడా పడలేదు. మేకు రెండు వేళ్ళ మధ్యలోంచి వెళ్ళింది. అతను నటించలేదు. కళ్ళకి కనిపించినదాన్ని బట్టి పాదం చీలిపోయిందని మెదడు తేల్చుకుంది, నొప్పి పుట్టించింది. ఆ కాసేపు అతను పడ్డ నొప్పి, మేకు నిజంగా దిగిన మనిషి పడే నొప్పి లాంటిదే.

దీనికి సరిగ్గా ఎదురు సంఘటన ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు ఇటలీ యుద్ధరంగంలో పనిచేశాడు. తీవ్రంగా గాయపడిన 215 మంది సైనికులను, నొప్పికి మందు కావాలా అని అడిగి చూశాడు. గంటల తరబడి మార్ఫిన్ ఇవ్వకపోయినా, నలుగురిలో ముగ్గురు అక్కర్లేదన్నారు. ఎముకలు విరిగినవాళ్ళు, పొట్టలో గాయాలైనవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. 1946లో దీన్ని అచ్చువేశాడు. మామూలు ఆసుపత్రిలో అంతకంటే చిన్న కోతకే మనుషులు మందు కోసం అల్లాడిపోతారు కదా, ఇక్కడెందుకిలా అన్నది అతని ప్రశ్న. ఆ సైనికుడికి గాయమంటే యుద్ధం అయిపోయినట్టు, ప్రాణంతో ఇంటికి వెళ్తున్నట్టు. అదే గాయం మామూలు జీవితంలో ఉన్న మనిషికి కష్టాల మొదలు. గాయం ఒకటే అయినా దాని అర్థం వేరు, అందుకే నొప్పీ వేరు అని బీచర్ అనుకున్నాడు.

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లోనే నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చింది, 2020లో దాన్ని సవరించింది. అందులో నొప్పిని ఇంద్రియాలకీ ఉద్వేగాలకీ సంబంధించిన అనుభవం అన్నారు. ఉద్వేగం అన్న మాట నిర్వచనంలోనే ఉందని గమనించండి. శరీరం దెబ్బతింటేనే నొప్పి అని కూడా అనలేదు. దెబ్బతిన్నప్పుడు ఎలా ఉంటుందో అలా అనిపించినా అది నొప్పే అన్నారు. మనిషి తనకి నొప్పి ఉందని చెబితే ఆ మాటని గౌరవించాలని కూడా ఆ సవరణతో పాటే రాశారు. నేను ఆవిడకి ఇవ్వలేని జవాబు అందులో ఉంది.

సరే, మనసులో ఉన్న ఒత్తిడి భుజంలోకి ఎలా దిగుతుంది? దారి ఏమిటి?

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో ఒక గేటులాంటిది ఉంటుందని, కింది నుంచి వచ్చే కబుర్లు అక్కడ తగ్గుతాయి లేదా పెరుగుతాయని. మోకాలు కొట్టుకున్నప్పుడు వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా. రుద్దితే కొంచెం తగ్గుతుంది కూడా. ఆ స్పర్శ తీసుకెళ్ళే నరాలు గేటుని కొంత మూస్తాయి. ఆ సిద్ధాంతంలోని వివరాలు తర్వాత చాలా మారాయి గానీ ముఖ్యమైన సంగతి నిలబడింది. ఆ గేటు మీద పైనుంచి మెదడు అధికారం కూడా ఉంటుంది. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ ఎలుకల మెదడులో, నడిమధ్య ఉండే ఒక చిన్న భాగానికి సన్నటి కరెంటు పంపి, మత్తుమందు లేకుండానే పొట్ట ఆపరేషన్ చేయగలిగాడు. అంటే మెదడు తలుచుకుంటే నొప్పిని కింద వెన్నుపాములోనే ఆపేయగలదు. తలుచుకుంటే పెంచనూగలదు. అదే దారి, రెండు వైపులా పనిచేస్తుంది.

మెదడు దీనికి సొంత మందులు వాడుతుంది. మార్ఫిన్‌లాంటి రసాయనాలు మన మెదడులోనే తయారవుతాయని 1975లో బయటపడింది. 1978లో ఒక ప్రయోగం చేశారు. పన్ను తీయించుకున్నవాళ్ళకి మందని చెప్పి మందులేని ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత వాళ్ళకి తెలియకుండా మార్ఫిన్‌కి విరుగుడు మందు ఇస్తే, తగ్గిన నొప్పి మళ్ళీ పైకి వచ్చింది. “ఒట్టి నమ్మకమే” అని మనం కొట్టిపారేసే సంగతి వెనుక ఒక రసాయనం ఉందన్నమాట. ఉపశమనానికి రసాయనం ఉన్నప్పుడు, భయానికీ దిగులుకీ ఉండదా?

ఉంది. ప్రమాదం ఎదురైతే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇది వాల్టర్ కానన్ వందేళ్ళ కిందటే వివరించిన సంగతి. వెనకాలే ఆ గ్రంథులనుంచే కార్టిసాల్ అనే ఇంకో హార్మోను వస్తుంది. ఈ కాసేపటి ఒత్తిడి నొప్పిని నిజానికి తగ్గిస్తుంది. ఆటలో ఉన్న మనిషికి కాలు బెణికిన సంగతి ఆట అయ్యాక గానీ తెలియదు. పరిగెత్తి ప్రాణం కాపాడుకోవాల్సిన సమయంలో నొప్పి అడ్డు రాకూడదు కదా.

ఆ ఏర్పాటు కొన్ని నిమిషాలకో గంటలకో ఉద్దేశించింది. మన ఒత్తిళ్ళు ఏళ్ళ తరబడి ఉంటాయి. తీరని అప్పు, ఇంట్లో మంచానపడ్డ మనిషి, ఎప్పుడు పోతుందో తెలియని ఉద్యోగం, రోజూ అవమానించే పై అధికారి, మాట్లాడుకోవడం మానేసిన భార్యాభర్తలు. పరిగెత్తి తప్పించుకునే ప్రమాదాలు కావు ఇవి. ఒళ్ళు మాత్రం పరుగుకి సిద్ధంగా, బిగబట్టుకునే ఉంటుంది.

ఒక్క నిమిషం. ఇప్పుడు మీరు కూర్చున్నచోటే మీ దవడ సంగతి చూసుకోండి. పైపళ్ళు, కిందిపళ్ళు ఒకదానికొకటి ఆనుతున్నాయా? నోరు మూసుకుని ఊరికే కూర్చున్నప్పుడు వాటి మధ్య కాస్త ఖాళీ ఉండాలి. మీ భుజాలు చెవుల వైపు కొంచెం లేచి ఉన్నాయా? కిందికి వదలండి. ఇప్పుడు చాలామంది వదలడం నాకు ఇక్కడినుంచి కనిపిస్తోంది. బిగించామని మనకే తెలియదు. అలా రోజుకి కొన్ని గంటలు, నెలలు, సంవత్సరాలు బిగిసి ఉన్న కండరం నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది? టెన్షన్ తలనొప్పి అని మనం అనేది, తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు ఉండేది, ఇందులో భాగమే. ఆవిడ భుజాల మీద నొక్కి పట్టిన చేతులు ఎవరివో నాకు అప్పుడు తెలియలేదు. అవి ఆవిడ సొంత కండరాలే.

కండరాలతో కథ అయిపోదు. ఒత్తిడి నిద్రని తినేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని నిద్రపోనివ్వకుండా ఉంచి మర్నాడు పరీక్షిస్తే, నిన్న ఓర్చుకోగలిగిన వేడినే ఇవాళ ఓర్చుకోలేకపోతారు. అంటే నిద్ర లేని ప్రతి రాత్రీ మర్నాటి నొప్పిని పెంచుతోంది. ఇక పొట్ట. పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నరకణాలు ఉంటాయి, అవి మెదడుతో రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటాయి. పరీక్ష రోజున కడుపులో తిప్పని పిల్లలు ఎంతమంది? కార్టిసాల్ మామూలుగా శరీరంలో వాపుని అదుపులో ఉంచుతుంది. ఒత్తిడి ఏళ్ళ తరబడి సాగితే కణాలు దాని మాట వినడం తగ్గించేస్తాయి, అదుపు సడలుతుంది.

గాయాలు మానడం మీద కూడా ఈ ప్రభావం ఉంటుంది. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం ఒక పరిశీలన చేసింది. మతిమరుపు జబ్బుతో ఉన్న తమవాళ్ళని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న స్త్రీలకి, అదే వయసులో అలాంటి బరువు లేని స్త్రీలకి, చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, ఎన్నాళ్ళకి మానుతుందో చూశారు. సేవ చేస్తున్నవాళ్ళ గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. నాకు ఈ పరిశోధన గుర్తొచ్చినప్పుడల్లా, పేషెంటు వెంట వచ్చి మూల కుర్చీలో నిశ్శబ్దంగా కూర్చునే మనిషి వైపు చూస్తాను. ఆ మనిషిని “మీరెలా ఉన్నారు?” అని అడిగేవాళ్ళు చాలా తక్కువ.

గుండె సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్తాను. గుండె పగిలింది అంటాం కదా. టకోట్సుబో అని ఒక జబ్బుంది. 1990లో జపాన్ డాక్టర్లు దానికి ఆ పేరు పెట్టారు. టకోట్సుబో అంటే అక్కడ ఆక్టోపస్‌లు పట్టే కుండ. భరించలేని దుఃఖమో భయమో కలిగినప్పుడు గుండె ఎడమ గది ఆ కుండలా కిందిభాగం ఉబ్బి, సరిగా కొట్టుకోదు. ఛాతీలో నొప్పి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది. రక్తనాళాలు చూస్తే పూడిక ఉండదు. ఎక్కువగా నెలసరి ఆగిన వయసు స్త్రీలలో వస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో గుండె మామూలు స్థితికి వస్తుంది, కానీ మొదటి రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు. దుఃఖం ఒంటిని ఏం చేయగలదో ఇంతకంటే స్పష్టంగా ఏ స్కానూ చూపించదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. దొంగలు పడిన ఇంట్లో కుక్క ఎలా ఉంటుంది? ఆ తర్వాత ఆకు రాలినా మొరుగుతుంది. దానిలో తప్పేం లేదు, తన పని తను చేస్తోంది. మన నాడీవ్యవస్థ కూడా అంతే. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్, కింది నుంచి కబుర్లు అదేపనిగా వస్తుంటే వెన్నుపాములోని కణాలే మారిపోయి, చిన్న కబురుని కూడా పెద్దది చేస్తాయని చూపించాడు. అప్పుడు మామూలు స్పర్శ కూడా నొప్పి అవుతుంది. చొక్కా కాలరు తగిలినా మంటే. మొదటి దెబ్బ ఎప్పుడో మానిపోయినా కుక్క మొరగడం ఆపదు. మనసులో భయం, కోపం, దిగులు ఉన్నంతకాలం పైనుంచి మెదడు కూడా “జాగ్రత్త, జాగ్రత్త” అని దానికి చెబుతూనే ఉంటుంది. దీర్ఘకాలపు నొప్పిలో ఒత్తిడి పాత్ర నా అనుభవంలో ఎక్కువగా ఇదే. నొప్పిని ఎక్కడినుంచో తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని ఆరనివ్వదు.

నొప్పి తిరిగి ఒత్తిడిని పెంచుతుందని మీకు చెప్పనక్కర్లేదు. నడుము పట్టేస్తుందేమోనని వంగడం మానేస్తారు, తర్వాత నడక, తర్వాత నలుగురిలోకి వెళ్ళడం. వాడని కండరం బలహీనపడుతుంది, కాస్త వంగినా నొప్పి పుడుతుంది, అదిగో అనుకున్నట్టే అయింది అనిపిస్తుంది. ఇందులోకి స్కాను రిపోర్టు ఒకటి వచ్చి చేరుతుంది. “డిస్కు అరిగింది” అని చదివిన రోజునుంచి మనిషి నడకే మారిపోవడం నేను చూశాను. 2015లో, నడుం నొప్పి ఏమాత్రం లేని మూడువేల మందికి పైగా మనుషుల స్కాన్లను పోగేసి చూశారు. ఇరవై ఏళ్ళ వయసువాళ్ళలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల కనిపించింది. వాళ్ళెవరికీ నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే డిస్కులూ అరుగుతాయి. ఈ మాట రిపోర్టుతో పాటు ఎవరైనా చెబితే ఎంత భయం తగ్గుతుందో!

ఒంటరితనం గురించి కూడా ఒక మాట. 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం ఒక ప్రయోగం చేసింది. స్కానర్‌లో పడుకున్న మనిషి, కంప్యూటర్ తెర మీద మరో ఇద్దరితో బంతాట ఆడతాడు. కాసేపటికి ఆ ఇద్దరూ తమలో తామే విసురుకుంటూ ఇతనికి బంతి ఇవ్వడం మానేస్తారు. వెలివేశారన్న బాధ కలిగినప్పుడు, ఒంటి నొప్పికి స్పందించే మెదడు భాగాల్లో ఒకటి చురుకైంది. రెండు నొప్పులూ ఒకటేనని దీన్ని పట్టుకుని చాలామంది రాశారు. అంత దూరం వెళ్ళకూడదు. ఆ భాగం చాలా పనులు చేస్తుంది, తర్వాతి పరిశోధనల్లో రెండు బాధలకీ మెదడులో వేర్వేరు జాడలున్నాయని కూడా తేలింది. ఒకే వీధిలో ఉండే రెండు ఇళ్ళు అనుకోండి. ఒక ఇంట్లో గొడవైతే పక్కింట్లో నిద్ర పట్టదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. దయచేసి దీన్ని మరిచిపోకండి. “టెన్షన్ వల్లే” అని తేల్చడానికి ముందు పరీక్ష జరగాలి. ఛాతీలో నొప్పి వస్తే, ముఖ్యంగా చెమటలు పట్టి ఆయాసం వస్తే, ఇంట్లో కూర్చుని టెన్షన్ అనుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అంతే. నడుం నొప్పితో పాటు కాళ్ళలో పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, జ్వరం ఉన్నా, గతంలో క్యాన్సర్ ఉన్నా ఆలస్యం చేయకూడదు. టెన్షన్ అన్న మాటని అడ్డం పెట్టుకుని నిజమైన జబ్బుని వదిలేసిన సందర్భాలు, అందులోనూ ఆడవాళ్ళ విషయంలో, చాలా ఉన్నాయి. నాకు దాని మీద కోపం ఉంది.

మరి వైద్యం? మొదటి వైద్యం ఇప్పటిదాకా నేను చేసిందే, అర్థమయ్యేలా చెప్పడం. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పట్టికలో, 2022 నుంచి అమల్లోకి వచ్చినదానిలో, మూడు నెలలు దాటి ఉండి, వేరే జబ్బుతో వివరించలేని నొప్పికి సొంతంగా ఒక పేరు ఉంది. అంటే “మీకేం లేదు” అనాల్సిన అవసరం ఏ డాక్టరుకీ లేదు. తర్వాతది కదలిక. ఎవరికి ఏది ఇష్టమైతే అది, నడక, ఈత, సైకిలు, ఆసనాలు. కుక్కని మచ్చిక చేసుకున్నట్టు, కొంచెం కొంచెంగా. మంచిరోజున అతిగా చేసి మర్నాడు మంచమెక్కడం, చెడ్డరోజున అసలు కదలకపోవడం, ఈ రెండూ వద్దు. నిద్రవేళలు సరిచేసుకోవాలి. ఊపిరి నెమ్మదిగా తీసుకుని అంతకంటే నెమ్మదిగా వదలడం రోజూ కాసేపు చేస్తే బిగుతు వదులుతుంది, దానికి పెద్ద ఖర్చు లేదు.

మందుల గురించి. అమిట్రిప్టిలిన్ అనే మందు తక్కువ మోతాదులో రాస్తే, ఇంటికెళ్ళి ఫోన్లో చూసి, “ఇది డిప్రెషన్ మందట, నన్ను ఏమనుకుంటున్నారు?” అని కొందరు బాధపడుతూ వస్తారు. ఇందాక చెప్పాను కదా, మెదడునుంచి కిందికి వచ్చి నొప్పిని ఆపే దారి అని. ఆ దారిలో వాడే రసాయనాల మీద ఈ మందు పనిచేస్తుంది. అందుకే రాస్తాం. కొందరికి పనిచేస్తుంది, అందరికీ కాదు.

మనసుతో చేసే వైద్యం గురించి 2022లో ఒక ఆశ కలిగించే పరిశోధన అచ్చయింది. అమెరికాలో దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 151 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి నాలుగు వారాల పాటు, ఈ నొప్పి శరీరం చెడిపోయిందనడానికి గుర్తు కాదని, మెదడు పొరపాటున మోగిస్తున్న హెచ్చరిక అని నేర్పించారు. భయపడే కదలికల్ని భయం లేకుండా చేయించారు, జీవితంలో ఉన్న ఒత్తిళ్ళ గురించి మాట్లాడించారు. వాళ్ళలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. మందులేని ఇంజెక్షన్ తీసుకున్న గుంపులో అది 20 శాతం, మామూలు వైద్యం కొనసాగించినవాళ్ళలో 10 శాతం. అందరికీ ఇలాగే అవుతుందని నేను మాట ఇవ్వను. వాళ్ళ నొప్పి మరీ తీవ్రమైనది కాదు, ఇది ఒక్క పరిశోధనే. అయినా, భయం తగ్గితే నొప్పి తగ్గుతుందన్నది ఇక ఊహ కాదు.

ఇక్కడ ఆపుతాను. ఇద్దరు చెయ్యెత్తారు. ముందు వెనక వరసలో ఉన్న పెద్దాయన అడగండి.

(ప్రశ్న: నాకు పదేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. నిజం చెప్పాలంటే నాకే టెన్షనూ లేదు. పిల్లలు బాగున్నారు. మరి నా నొప్పికి కారణం మనసు అంటారా?)

అనను. మీ మోకాళ్ళలో అరుగుదల ఉండొచ్చు, అదే కారణం కావచ్చు. ప్రతి నొప్పి వెనకా మనసులో దాచుకున్న దుఃఖం ఏదో ఉంటుందని చెప్పేవాళ్ళున్నారు. నేను దానితో ఏకీభవించను. లేని దుఃఖం కోసం తవ్వితే మనిషి నొప్పికి తోడు నేరం చేసినట్టు కూడా బాధపడతాడు. నేను అడిగేది చిన్న ప్రశ్న. ఒకే దూరం నడిచిన రెండు రోజుల్లో, నిద్ర పట్టని రాత్రి తర్వాత మీ మోకాలు ఎక్కువ సలుపుతుందా? అవునంటే, మోకాలికి చేసే వైద్యంతో పాటు నిద్రని కూడా చూద్దాం. కాదంటే మోకాలినే చూద్దాం.

(ప్రశ్న: మా అమ్మ ఎప్పుడూ ఒళ్ళంతా నొప్పులు అంటుంది. అన్ని టెస్టులూ చేయించాం, అన్నీ నార్మలే. ఇంట్లో అందరూ విసుక్కుంటున్నారు. నేను కూడా విసుక్కుంటున్నాను. తనతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు.)

నిజాయితీగా అడిగారమ్మా. ఇవాళ ఇంటికి వెళ్ళి, నీ నొప్పి నిజమని నాకు తెలుసు అని ఒక్కసారి చెప్పండి. తర్వాత టెన్షన్ పడకు అనకండి, అది ఎవరి చేతుల్లోనూ ఉండదు. కనీసం ఒక పదిహేను రోజులు, రాత్రి పడుకునే ముందు పక్కన కూర్చుని, ఇవాళ నొప్పి ఎప్పుడు తక్కువగా ఉంది అని అడగండి. ఎప్పుడు ఎక్కువగా ఉందో ఈపాటికి చాలామంది అడిగే ఉంటారు. తక్కువగా ఉన్న ఆ గంటలో అమ్మగారు ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఏం చేస్తున్నారు, అంతకు ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, ఒక నోటు పుస్తకంలో రాయండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు స్కాన్ల సంచీ తీసుకెళ్ళండి. కానీ ముందు ఆ పుస్తకం ఆయన ముందు పెట్టండి.